ధ్రువం మీద వేడి

ఫిల్మ్ నగర్, హైదరాబాదు
28 నవంబరు 1984

సుందరీ,

ఉత్తరం రాయలేదని నువ్వు అలిగావట, మీ అత్తయ్య అంటోంది. నువ్వు మాత్రం రాశావా? కాబట్టి చెల్లుకు చెల్లు.

కొత్తింట్లోకి వచ్చేశాం. ఇల్లంటే బండరాళ్ళ మధ్య నాలుగు గోడలనుకో. టెలిఫోను ఇంకా ఇవ్వలేదు. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు మాకు పండగ. మద్రాసు ఉక్కకు అలవాటుపడిన ప్రాణం కదా, ఇక్కడ పొద్దు వాలగానే మీ అత్తయ్య తలుపులన్నీ బిగించేస్తుంది. వాచ్‌మన్ పోచయ్య నవ్వుతాడు. "గిదేం చలి అమ్మా? ముందున్నది సూడుండ్రి" అంటాడు. మద్రాసు వదిలి తప్పు చేశామా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. పరిశ్రమంతా ఇటే వస్తుంటే మనం అక్కడ కూర్చుని ఏం చేస్తాం!

ఇప్పుడు నీతో పని పడింది. కొత్త పిక్చర్లో మంచులో ఒక పాట, దాని వెనకే ఒక సీను ఉన్నాయి. సిమ్లా దగ్గర కుఫ్రీలో తీద్దామంటున్నాడు నిర్మాత. బొంబాయి అమ్మాయి హీరోయిన్. డేట్లు ఇస్తే జనవరి చివర్లో ఇస్తుంది, లేదా మార్చిలో. ఆ పిల్ల పల్చటి చీరలో ఆడాలి. మంచు ఉండాలి, చలి ఉండకూడదు. ఎప్పుడు వెళ్ళాలో చెప్పు. ఢిల్లీలో ఆ వాతావరణ ఆఫీసులో పై గాలుల పటాలు గీస్తున్నావు కదా, మామయ్యకు ఆ మాత్రం సాయం చేయవా?

ఒక్క షరతు. నా దగ్గరకు కథలు చెప్పడానికి వచ్చే కుర్రాళ్ళకు చెప్పేదే నీకూ చెబుతున్నా. ఒక్క లైనులో చెప్పాలి. మొదటి లైన్లో కథ లేకపోతే రెండో లైను నేను వినను.

మీ అత్తయ్య కూడా వస్తానని గొడవ. పాపం, ఇన్నేళ్ళుగా హీరోయిన్లకు గొంతిస్తోంది. మే నెలలో, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేసిన డబ్బింగు థియేటర్లో, చెమటలు కక్కుతూ "అబ్బ, ఎంత చలో!" అని ఎంతమందికి వణికిందో లెక్కలేదు. మంచు మాత్రం జన్మలో చూడలేదు. అయినా నేను ఒప్పుకోలేదు. ఆ గొంతుకు ఏమన్నా అయితే ఎలా?

మామయ్య
చలపతిరావు

సుందరీ, మీ మామయ్య మాటలు పట్టించుకోకు. బుగ్గన రెండు మిరియాలు పెట్టుకుంటే నా గొంతుకేమీ కాదు. నన్ను తీసుకెళ్ళమని నువ్వన్నా రాయవే. నీ మాటైతే వింటారు. – అత్తయ్య

*

ఢిల్లీ
12 డిసెంబరు 1984

మామయ్యా,

మంచు ఉండాలి, చలి ఉండకూడదా? పెళ్ళి కావాలి, పెళ్ళికూతురు వద్దు అన్నట్టుంది మీ వరస!

ఒక్క లైనులో అడిగారు కాబట్టి ఒక్క లైను: మార్చిలో వెళ్ళండి. జనవరి సంగతి ఇప్పుడే చెప్పలేను. రోజూ పటాలు చూస్తూనే ఉంటాను, తేడా కనిపిస్తే రాస్తాను. మా పెద్దాఫీసరుకు నేను చేసే పని మీద నమ్మకం లేదు. "ఉత్తర ధ్రువం మీద గాలి ఎటు తిరిగితే మనకేమిటమ్మా, మన వానల సంగతి చూడు" అంటాడు. మూలన కూర్చోబెట్టి ధ్రువపు గాలులు నాకు వదిలేశాడు. అలా వదిలేసినందుకే నాకు సంతోషంగా ఉంది.

ఇక అత్తయ్య సంగతి. తీసుకెళ్ళండి మామయ్యా. మీ ఇంట్లో పెరిగినన్నాళ్ళూ ఆవిడ తనకోసం ఒక్కటి అడగడం నేను వినలేదు. మద్రాసులో నేను పరీక్షకు చదువుకుంటుంటే పక్క గదిలో నెమ్మదిగా వణకడం ప్రాక్టీసు చేసేది. తెర మీద ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు. మంచైనా చూడనివ్వండి.

అత్తయ్యా, నీకు మాట ఇస్తున్నాను. చలి తక్కువగా ఉండే మంచి రోజు చూసి నేనే చెబుతాను.

మీ
సుందరి

*

ఢిల్లీ
6 జనవరి 1985

మామయ్యా,

ఒక్క లైనులో కథ: ఉత్తర ధ్రువం మీద గాలి ఒక్కసారిగా వేడెక్కిపోయింది!

ఇన్నేళ్ళుగా పుస్తకాల్లో చదవడమే తప్ప, జరుగుతుండగా నా పటం మీద నేనే పట్టుకోవడం ఇదే మొదటిసారి. మేఘాలకన్నా ఎంతో ఎత్తున, కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీలు పెరిగింది. మా పెద్దాఫీసరును కుర్చీలోంచి లేపి మరీ చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఎందుకిలా అవుతుందో చెబుతాను, విసుక్కోకండి. చలికాలమంతా ధ్రువం మీద సూర్యుడుండడు కదా, అక్కడి గాలి గడ్డకట్టేంత చల్లబడి, గుండ్రంగా, మహా వేగంగా తిరుగుతూ ఉంటుంది. నా చిన్నప్పుడు బావి దగ్గర మీరు నీళ్ళ బకెట్టును గిర్రున తలపైనుంచి తిప్పేవారు గుర్తుందా? తిరుగుతున్నంతసేపూ చుక్క పడేది కాదు.

(పేజీ తిప్పండి)

తిప్పడం ఆపితే? నీళ్ళన్నీ మన నెత్తినే. ఇదీ అంతే. కింద కొండల వల్ల, నేలకూ సముద్రానికీ ఉన్న తేడా వల్ల పుట్టిన పెద్ద పెద్ద అలలు పైకి పాకి ఆ తిరుగుడును తగ్గించేస్తాయి. అప్పుడు అక్కడి గాలి కిందికి దిగి, నొక్కుకుపోయి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే వేడెక్కదూ, అలాగ. పైన వేడెక్కిందంటే కింద దాచిన చలికి కట్ట తెగిందన్నమాట. రెండు మూడు వారాల్లో ఆ చలి దక్షిణానికి దిగవచ్చు.

ప్రతిసారీ మన దాకా వస్తుందని ఒట్టు వేయలేను. హిమాలయాలు అడ్డున్నాయి. కానీ ఈ నెలాఖరుకు సిమ్లా వైపు చలి మామూలుగా ఉండదని నా అనుమానం. మార్చే మంచిది. జనవరిలోనే తప్పదంటే ఉన్ని బట్టలు దండిగా పట్టుకెళ్ళండి. అత్తయ్యను మాత్రం ఇప్పుడు వద్దు. నన్ను తిట్టుకోవద్దని చెప్పండి.

రేపు పూణే వెళుతున్నాను, ఈ పటాలు పట్టుకుని. ఫిబ్రవరి రెండో వారం దాకా అక్కడే. జవాబు రాస్తే పూణే ఆఫీసుకు రాయండి.

సుందరి

*

ఫిల్మ్ నగర్
15 జనవరి 1985

సుందరీ,

శభాష్! కథ చెబితే అలా చెప్పాలి! నీ ఉత్తరంలో మొదటి లైను ఆఫీసులో అందరి ముందూ చదివాను. నిర్మాత "మీ మేనకోడలిని రచయితగా పెట్టుకుందామండీ" అన్నాడు. ఇంకేం కావాలి, నీ మాట ప్రకారం జనవరిలోనే ఖాయం చేశాం.

ఇరవై ఆరున ఢిల్లీలో దిగుతాం. స్టేషనుకు రా. నీకో ఆశ్చర్యం తెస్తున్నాను. అదేమిటో రాయొద్దని పక్కనే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. సున్నుండలు కూడా ఉన్నాయి.

మామయ్య

*

ఢిల్లీ
14 ఫిబ్రవరి 1985

మామయ్యా,

అయ్యయ్యో, ఈ రోజే పూణే నుంచి వచ్చాను, మీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది! పూణేకు రాయమన్నాను కదా, ఎందుకిక్కడికి రాశారు? స్టేషన్లో నాకోసం ఎంతసేపు చూశారో ఏమో. సున్నుండలు పోయినందుకు ఏడుపొస్తోంది.

ఆశ్చర్యమేమిటి? అత్తయ్య నవ్విందంటే సంబంధమే అయి ఉంటుంది. ముందే చెబుతున్నా, ఇప్పుడప్పుడే వద్దు.

అన్నట్టు చూశారా నా లెక్క! సరిగ్గా నేను చెప్పిన రోజుల్లోనే చలి దిగింది. సిమ్లా దారులు మూసుకుపోయాయని పూణేలో పేపర్లో చదివి ఎగిరి గంతేశాను. తోటివాళ్ళందరికీ టీ ఇప్పించాను. మార్చి వద్దు, జనవరే కావాలని వెళ్ళారంటే మీకు కావలసింది అలాంటి మంచేనన్నమాట. పాట అదిరిపోయి ఉంటుంది. వివరంగా రాయండి, నా వ్యాసంలో చివర ఒక ముక్కగా పెట్టుకుంటాను.

మీ గెలిచిన మేనకోడలు,
సుందరి

*

ఫిల్మ్ నగర్
27 ఫిబ్రవరి 1985

సుందరికి,

నీ లెక్క సరిపోయింది.

చలపతిరావు

*

ఢిల్లీ
14 మార్చి 1985

మామయ్యా,

మీ ఒక్క లైను ఉత్తరం చూసి నవ్వుకున్నాను. ఎవరినీ మెచ్చుకోని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు! దాన్ని నా టేబులు ఎదురుగా గోడకు అతికించాను. పెద్దాఫీసరు అడిగితే చదివి అర్థం కూడా చెప్పాను.

కానీ అత్తయ్య కింద రెండు ముక్కలు ఎందుకు రాయలేదు? మొన్న స్టూడియో ఆఫీసుకు ట్రంకాల్ చేశాను, ఆవిడ డబ్బింగుకు వస్తుందేమోనని. ఎవరో "మేడమ్ మాట్లాడరండీ" అని పెట్టేశారు. నాతో మాట్లాడదా? సంబంధం వద్దన్నానని అంత కోపమా? స్టేషనుకు రాలేదని కోపమా? కొట్టమనండి, తిట్టమనండి, ఇలా ఊరుకోవద్దనండి. ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

సుందరి

*

ఫిల్మ్ నగర్
26 మార్చి 1985

సుందరీ,

గోడకు అతికించావా? తీసెయ్, ముందది తీసెయ్.

ఇన్నాళ్ళూ రాయకూడదనుకున్నాను. అత్తయ్య వద్దంది. వద్దంది అంటే పలక మీద రాసి చూపించింది. అవును, పలకే. మీ అత్తయ్యకు గొంతు పోయింది.

ఆశ్చర్యం, ఆశ్చర్యం అన్నానే, అదే మీ అత్తయ్య. నీ ఉత్తరం రాగానే నేనే వెళ్ళి చెప్పాను. "ఈ ఏడు ధ్రువమే వేడెక్కిందట సత్యా, సుందరి రాసింది, నువ్వూ రా" అన్నాను. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఉన్ని బట్టల మూటలు సగం ఇక్కడే దింపించేశాను, వేడిగా ఉండేచోటికి ఇవన్నీ మోయడమెందుకని. ఢిల్లీలో దిగి సున్నుండల డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫారమంతా వెతికింది. "పనుండి ఉంటుంది లెండి, తనే మంచి రోజు చూసి చెప్పింది కదా, అది చాలు" అంది.

మొదటి రోజు ఎండ బాగానే కాసింది, గాలీ కొద్దిగానే వీచింది. మర్నాడు మొదలైంది అసలు గాలి. అది గాలి కాదు సుందరీ. కెమెరా బిగుసుకుపోయింది. ఆ బొంబాయి పిల్ల పల్చటి చీరలో నీలంగా మారిపోతుంటే మీ అత్తయ్య తన శాలువా తీసి దానికి కప్పింది. దారి మూసుకుపోయి రెండు రోజులు అక్కడే చిక్కుకున్నాం. సిమ్లా చేరేసరికి ఊపిరితిత్తులకు నెమ్ము పట్టేసింది. ఊపిరాడకపోతే అక్కడి డాక్టర్లు గొంతులోకి గొట్టం వేసి బతికించారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. ఇక్కడి డాక్టరు మాత్రం "మాట కొద్దిగా వస్తుందండీ, ఆ గొంతు రాదు" అన్నాడు.

ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే నీ ఉత్తరం వచ్చింది. ఎగిరి గంతేశానని! టీలు ఇప్పించానని! వేడెక్కిందని నువ్వే రాశావు, మళ్ళీ చలి వస్తుందని చెప్పాను కదా అని నువ్వే రాశావు. చదువుకున్నదానివి, ఏం చెప్పినా చెల్లుతుంది. మేం సినిమావాళ్ళం, నమ్మాం.

చలపతిరావు

*

ఢిల్లీ
4 ఏప్రిల్ 1985

మామయ్యా,

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

గోడ మీది కాగితం తీసేశాను.

ఆ జనవరి ఉత్తరం మీ దగ్గర ఉంటే రెండో పేజీ చదవండి. నా తప్పు లేదని చూపించడానికి కాదు. తప్పు నాదే. మీరు మొదటి లైను తప్ప చదవరని లోకంలో అందరికన్నా నాకే బాగా తెలుసు. తెలిసీ, నాకు సంతోషం కలిగించింది ముందు రాసుకున్నాను. మీకు కావలసింది వెనక పేజీకి తోసేశాను. "అత్తయ్యను వద్దు" అన్న రెండు ముక్కలు పైన పెట్టి ఉంటే ఇవాళ ఆవిడ నన్ను తిడుతూ ఉండేది.

మంచి రోజు చూసి చెబుతానన్నాను మామయ్యా. ఆవిడకు మాట ఇచ్చాను.

పూణేలో నేను గంతేసిన రోజు ఆవిడకు ఊపిరాడలేదు. ఆ వ్యాసం ఇంక నాకు రాయబుద్ధి కావడం లేదు. నన్ను రావొద్దన్నా వస్తాను, కానీ మీరు రమ్మంటే బాగుంటుంది.

సుందరి

*

ఫిల్మ్ నగర్
20 ఏప్రిల్ 1985

అమ్మా సుందరీ,

రెండో పేజీ చదివాను. ఆఫీసులో చదివి, ఇంటికి వచ్చి మీ అత్తయ్యకు పైకి చదివి వినిపించాను. బకెట్టు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ నవ్వింది. రేపు పూణే వెళుతున్నానన్న చోట మాత్రమే ఏడ్చింది, పూణేలో ఉన్న పిల్ల స్టేషనుకు ఎలా వస్తుందండీ అని పలక మీద రాసింది. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను, కానీ అవి తగలాల్సింది నీకు కాదు, నాకు.

నువ్వు పేజీ తిప్పండి అని కూడా రాశావు. నేను తిప్పలేదు. ఇంత వయసొచ్చి ఎన్ని కథలకు మొదటి లైను దగ్గరే తల అడ్డంగా ఊపి పంపించేశానో! వాటి వెనక పేజీల్లో ఏముందో ఇప్పుడు అనుకుంటే భయమేస్తోంది.

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. పోచయ్య మొన్న నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అమ్మ ఊకె సైగలే చేస్తున్నది, నా మీద కోపమొచ్చిందా సార్? నేను పిలిస్తే 'ఏం పోచయ్యా' అంటుండె. ఇప్పుడు అంటలేదు." నేను లోపలికి వచ్చేశాను.

ఆ మంచు సీనుకు డబ్బింగు చేయించాలి. ఒక కొత్తమ్మాయిని పిలిచాం. బాగానే వణికింది పాపం. అద్దం ఇవతల మీ అత్తయ్య కూర్చుని వద్దు వద్దని చెయ్యి ఊపింది. అమ్మాయి భయపడి మళ్ళీ వణికింది. మళ్ళీ వద్దంది. ఏం కావాలో చెప్పలేక, గొంతు మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు అర్థమైంది. ఆ సీన్లో మాటలన్నీ తీసేయించాను. పెదవులు కదులుతాయి, గాలి ఒక్కటే వినిపిస్తుంది. నిర్మాత గొణిగాడు, గొణగనీ.

ఆ గాలి కుఫ్రీలోదే. మా రికార్డిస్టు రామలింగం మొదటి రోజు గాలి చప్పుడు కోసం మిషను ఆన్ చేసి మంచులో పెట్టాడు. మీ అత్తయ్య అప్పుడు పక్కనే ఉందట. మొన్న ఆ టేపు వేసి "సార్, మేడమ్ గొంతు ఉంది" అన్నాడు. "ఏమండీ!" అని పిలిచింది. అంతే, ఆపెయ్యమన్నాను. ఆ పైన వినలేకపోయాను, ఆవిడకు వినిపించే ధైర్యమూ లేదు. దాన్ని క్యాసెట్టులోకి ఎక్కించి నీకు పంపుతున్నాను. నువ్వు విను. నీకు ఆ హక్కుంది.

రా. రమ్మంటున్నాను.

మామయ్య

*

ఢిల్లీ
3 మే 1985

మామయ్యా,

అత్తయ్యకు ముందు ఇది చదివి వినిపించండి: వచ్చే గురువారం బయలుదేరి వస్తున్నాను, సెలవు దొరికింది, నెల రోజులు నీ పక్కనే ఉంటాను.

మామయ్యా, క్యాసెట్టు అందింది. గదిలో తలుపులు వేసుకుని విన్నాను. మొదట చాలాసేపు గాలే. ఇన్నేళ్ళుగా నేను కాగితం మీద గీతలు గీస్తున్నానే కానీ అది ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. పటం మీద ఎంత అందంగా కనిపించేదో!

తర్వాత అత్తయ్య "ఏమండీ!" అంది. మీరు అక్కడ ఆపేశారు. నేనూ ఆపేశాను. చాలాసేపు బటను మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మీలాగా ఒక్క మాట దగ్గరే ఆగిపోతే ఈసారి కూడా తప్పు చేసినవాళ్ళమవుతామనిపించి మళ్ళీ నొక్కాను. మీరు వినలేనన్నారు కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదవండి. ఆవిడకు వినిపించాలో వద్దో మీరే ఆలోచించండి.

"ఏమండీ! ఇదేనా చలి? ఇన్నేళ్ళూ తప్పు చేశానండీ నేను. చలికి గొంతు వణకదు. అసలు మాటే రాదు" అని నవ్వుతోంది. మంచులో అడుగులు పడుతున్న చప్పుడు. మీరు దూరం నుంచి ఏదో కసురుతున్నారు, శాలువా కప్పుకోమని కాబోలు. "ఉండండి, ఇంకాసేపు" అంటోంది. ఆ గొంతు మామయ్యా, నేను పరీక్షకు చదువుకునేటప్పుడు పక్క గదిలోంచి వినిపించినట్టే ఉంది, ఏమీ మారలేదు.

మళ్ళీ కాసేపు గాలి. టేపు అయిపోయిందనుకున్నాను. అప్పుడు మిషను దగ్గరగా వచ్చి, ఎవరితోనో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అంది:

"సుందరి మంచి రోజే చూసి చెప్పింది."

సుందరి